లెక్క కడితే సరిపోదా, ల్యాబులో మళ్లీ కొలవాలా?

గుణుపురం కుర్రాడు:
బరంపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నా. సెమినార్‌కి ఉత్తేజిత అణువుల స్పెక్ట్రోస్కోపీ ఇచ్చారు, అంటే శక్తి ఎక్కిన అణువులు ఏ ఫ్రీక్వెన్సీల దగ్గర తరంగాలు వదులుతాయో (వాటినే గీతలంటారు) చూడడం. సిలికాన్ మోనాక్సైడ్ గీత ఎక్కడుందో తెలిశాక, అదే అణువు కంపిస్తున్నప్పటి గీతల్ని లెక్క కట్టొచ్చు కదా, ల్యాబులో విడిగా కొలవడం ఎందుకు? సోమవారమే సెమినార్, టెన్షన్‌గా ఉంది.

పర్లాకిమిడి మాస్టారు:
బాబూ, డప్పు వాయించే ముందు మంట మీద కాస్తారు చూడు. వేడికి చర్మం బిగిసి శ్రుతి పెరుగుతుంది. ఈ అణువుది తిరకాసు. కంపనం ఎక్కేకొద్దీ బంధం సగటున కాస్త సాగి, గీత కిందికి జారుతుంది. భ్రమణంలో రెండో మెట్టు నుంచి ఒకటికి దిగేటప్పుడు మామూలుగా 86,847 మెగాహెర్ట్జ్. కంపనం ఒక మెట్టు ఎక్కితే 86,243, రెండైతే 85,640.

లెక్క వీధి చూపిస్తుంది, ఇల్లు చూపించదు. ఇక్కడ 1 మెగాహెర్ట్జ్ తప్పితే, గీత జరుగుడుని బట్టి కట్టే అంతరిక్షంలోని గ్యాసు వేగంలో సెకనుకు మూడున్నర కిలోమీటర్లు తప్పినట్టే. పైగా ఓరియన్ అనే నక్షత్రాలు పుట్టే మబ్బులో గీతలు సంతలో జనంలా తోసుకుంటాయి. 1974లో అక్కడ 86,243 దగ్గర గట్టి గీత దొరికితే ఏ అణువుదో మొదట తెలియలేదు. కంపిస్తున్న సిలికాన్ మోనాక్సైడ్ మేజర్ (maser, లేజర్ లాంటిదే, కాకపోతే మైక్రోవేవ్‌లో) అని తర్వాత తేలింది. ఆ మెట్టు ఎక్కడానికి దాదాపు 1,770 కెల్విన్‌కి సమానమైన శక్తి కావాలి. చల్లటి మబ్బులో అదెక్కడిది? నక్షత్రం పక్కనే ఉండాలి.

ల్యాబులో గాజు గొట్టంలోని గాలి తోడేసి, కాస్త గ్యాసు వదిలి, హై వోల్టేజ్ డిశ్చార్జ్ ఇస్తారు, అంటే గ్యాసు గుండా కరెంటు పారిస్తారు; అణువులు కంపించేది దానివల్లే. గ్యాసు ఎక్కువైతే అణువులు గుద్దుకుని గీత వెడల్పవుతుంది. నేను రీసెర్చ్ చేసే రోజుల్లో కొత్త గీత దొరికిందని వారం రోజులు సంబరపడ్డాం. తీరా చూస్తే అంతకుముందు నెల వాడిన మిథైల్ సైనైడ్, గొట్టం గోడలకి అంటుకుని ఉంది! అప్పట్నుంచి డిశ్చార్జ్ ఆపేసి కూడా ఒకసారి చూసేవాళ్లం. అప్పుడూ గీత అలాగే ఉంటే అనుమానించాల్సిందే.

సిరోంచ వాసి:
మాస్టారూ, నారాయణ్‌గావ్ దగ్గర జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ చూశాను, 30 డిష్‌లు. వాటికి ఇవి అందుతాయా?

పర్లాకిమిడి మాస్టారు:
అందవండీ. దాని పరిధి 1,450 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. ఈ గీతలు మిల్లీమీటర్ తరంగాలు, వాటికి గాలిలో తేమ అడ్డు, అందుకే చిలీలో ఆల్మా టెలిస్కోప్‌ని 5,000 మీటర్ల ఎత్తున పెట్టారు.

గుణుపురం కుర్రాడు:
థాంక్స్ సార్. డప్పు ఉదాహరణతోనే మొదలుపెడతా. మా గైడ్‌కి తెలుగు రాదు, ఒడియాలో డప్పుని ఏమంటారో రూమ్మేట్‌ని అడగాలి.