కాలే నుంచి మాంతోన్ దాకా ఆల్పీన్ ఎ110లో: నా ప్లాన్ నిలుస్తుందా?

థేమ్స్‌గట్టు:
జూన్ మొదటి వారంలో ఇద్దరం మా స్పోర్ట్స్ కారు ఆల్పీన్ ఎ110లో ఫోక్‌స్టన్ దగ్గర షటిల్ (సముద్రం కింది సొరంగంలో కార్లని మోసుకెళ్లే రైలు) ఎక్కి, కాలే నుంచి మధ్యధరా ఒడ్డున ఉన్న మాంతోన్ దాకా వెళ్లాలని. యూకే కారు, స్టీరింగ్ కుడివైపు. ఆల్ప్స్ కొండల్లో ఇజరాన్, గాలిబియే, బోనెట్ మూడు కనుమలూ ఎక్కాలి. రోజుకి 450 కి.మీ. చొప్పున మూడు రోజులు వేసుకున్నాను. సరిపోతుందా? పెట్రోల్ ఏది కొట్టించాలి, కారుకి ముందే ఏం చేయించాలి? పాస్‌పోర్ట్ ఇండియాది. యూకే లైసెన్స్ వచ్చి రెండేళ్లే.

కనుమదారి:
మూడు రోజులు చాలవండి, నాలుగు పెట్టుకోండి. హైవే మీద కి.మీ. లెక్క వేయండి, కొండల్లో గంటల లెక్క వేయండి. ఆ రోడ్ల మీద సగటున గంటకి 40 కి.మీ. పడితే బాగా వెళ్లినట్టే.

మొదటి రోజు ఎ26, ఎ5, ఎ31 మీదుగా బోన్ దాకా సుమారు 600 కి.మీ. విసుగు దారే, ఒక్క రోజులో వదిలించుకోండి. మధ్యలో రాన్స్ పక్కన గ్యూ ఊరి దగ్గర డి27 రోడ్డు మీద పాత గ్రాండ్ ప్రీ సర్క్యూట్ పిట్లు, గ్యాలరీలు రోడ్డుకి ఆనుకునే ఉంటాయి. 1966 దాకా అక్కడ ఫార్ములా వన్ జరిగింది. ఇప్పుడది మామూలు రోడ్డు, టికెట్ లేదు, పది నిమిషాలు ఆగితే చాలు.

రెండో రోజు షాంబెరీ, ఆల్బెర్‌విల్ మీదుగా బూర్-సాఁ-మోరీస్. మూడో రోజు ఇజరాన్ (2,764 మీ.) ఎక్కి దిగి, గాలిబియే (2,642 మీ.) దాటి బ్రియాంసోఁ. చూడ్డానికి 190 కి.మీ.యే, కానీ ఆగకుండా నడిపినా అయిదు గంటలు. నాలుగో రోజు వార్ కనుమ, బోనెట్, చివర్లో త్యూరిని కనుమ దాటితే మాంతోన్. మోంటే కార్లో ర్యాలీలో పేరుమోసిన త్యూరిని మీద ఎ110 నడపకుండా తిరిగి రావడం పాపం.

అసలు చిక్కు మీ తేదీలతోనే. ఈ మూడు కనుమలూ చలికాలమంతా మంచుతో మూసే ఉంటాయి. ఇజరాన్ జూన్ మొదటి వారానికి తెరుచుకోకపోవచ్చు. ఊరి చివర బోర్డు మీద ‘ఊవేర్’ అంటే తెరిచినట్టు, ‘ఫెర్మే’ అంటే మూసినట్టు. అందుకే రెండో రాత్రి హోటల్ క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే తీసుకోండి. ఇజరాన్ మూసుంటే ఆల్బెర్‌విల్ నుంచి మోరియెన్ లోయలోకి తిరిగి నేరుగా గాలిబియే కిందికి చేరొచ్చు. అదీ మూసుంటే గ్రెనోబుల్ నుంచి ఎన్85 పట్టుకోండి. 1815లో ఎల్బా నుంచి పారిపోయి వచ్చిన నెపోలియన్ నడిచిన దారి అది. గాప్, సిస్టెరోన్, కాస్టెలాన్ మీదుగా గ్రాస్ చేరుతుంది. ఎత్తు తక్కువ కాబట్టి ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది.

పాతస్పానర్:
ఇంజిన్ సంగతి ఆల్పీన్ వాళ్లు చూసుకున్నారు, మీరు బ్రేకుల సంగతి చూసుకోండి. బ్రేక్ ఫ్లూయిడ్ మార్చి రెండేళ్లు దాటితే బయల్దేరే ముందే మార్పించండి. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్తదానికి మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు, తేమ పట్టాక ప్రమాణం ప్రకారం 155కి పడిపోవచ్చు. బోనెట్ శిఖరం రోడ్డు నుంచి సాఁత్-ఎతియెన్ దాకా 26 కి.మీ.లో 1,600 మీటర్లకి పైగా దిగాలి. కాలు బ్రేక్ మీదే ఉంచి దిగితే ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. గేర్‌బాక్స్ మాన్యువల్‌లో పెట్టి రెండో, మూడో గేర్‌లో దిగండి. మలుపు ముందు గట్టిగా, కొద్దిసేపే బ్రేక్ కొట్టి వదిలేయండి. పెడల్ మెత్తబడిందనిపిస్తే చదును చోటు చూసి పక్కకి ఆపి ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి. ఆపాక పెడల్ తొక్కి పట్టుకోవద్దు, కాలిన ప్యాడ్ డిస్క్ మీద అచ్చు పడుతుంది.

ఈ కారుకి స్పేర్ వీల్ లేదు, పంక్చర్ కిట్టే. అది టైరు నేలకి తగిలే ట్రెడ్‌లో మేకు దిగితే పనికొస్తుంది, పక్కన సైడ్‌వాల్ చిరిగితే కాదు. వెనక టైర్ల సైజు 235/40 ఆర్18, మీ వాటి ట్రెడ్ లోతు 3 మి.మీ. కిందికి అరిగి ఉంటే ముందే వేయించండి. కొండ ఊరి షాపులో ఆ సైజు దొరక్కపోతే రెండు రోజులు పోతాయి. చక్రాల లాకింగ్ బోల్టులు విప్పే కీ కారులోనే ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

లగేజీకి గట్టి సూట్‌కేసులు వద్దు, మెత్తటి బ్యాగులే. ముందు డిక్కీ లోతు తక్కువ. వెనకది ఇంజిన్ పక్కనే కాబట్టి వేడెక్కుతుంది: మందులు, చాక్లెట్లు, ఆవకాయ సీసా అక్కడ పెట్టకండి.

షటిల్ పెట్టెలో రెండు వైపులా గట్టు ఉంటుంది, అలాయ్ వీల్ అంచు గీసుకునేది అక్కడే. చెకిన్ దగ్గర కారు నేలకి బాగా దగ్గరగా ఉంటుందని చెప్పి వెడల్పు పెట్టె అడగండి.

రూల్‌బుక్:
మీ లైసెన్స్ వయసు ముఖ్యం. ఇండియా కార్ లైసెన్స్‌ని యూకేలో మార్చివ్వరు, మళ్లీ టెస్ట్ రాయాలి కాబట్టి మనవాళ్లలో చాలామంది కొత్త డ్రైవర్ లెక్కలోకి వచ్చి ఇక్కడే చిక్కుకుంటారు. లైసెన్స్‌కి మూడేళ్లు నిండకపోతే ఫ్రాన్స్‌లో మోటర్‌వే మీద వేగ పరిమితి గంటకి 130 కి.మీ. కాదు, 110. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు మీద 100. మద్యం పరిమితి లీటరు రక్తానికి 0.2 గ్రాములు, అంటే ఒక్క గ్లాసు కూడా వద్దు. మామూలు రోడ్ల మీద 80, కొన్ని జిల్లాల్లో 90 బోర్డు ఉన్నా మీకు 80యే. పరిమితికి 40 దాటి దొరికితే లైసెన్స్ అక్కడికక్కడే తీసుకుంటారు. రాడార్ డిటెక్టర్ కారులో ఉండటమే నేరం, 1,500 యూరోల దాకా జరిమానా.

రిఫ్లెక్టర్ జాకెట్ డిక్కీలో కాదు, సీటు దగ్గర ఉండాలి. హెచ్చరిక త్రికోణం కూడా. కారు వెనక ‘యూకే’ స్టిక్కర్, ఒరిజినల్ వీ5సీ (కారు రిజిస్ట్రేషన్ పత్రం) మర్చిపోవద్దు. మోటర్‌వే మీద బండి ఆగితే మీ బ్రేక్‌డౌన్ కంపెనీని నేరుగా పిలవకూడదు. ఆరెంజ్ ఎస్‌ఓఎస్ ఫోన్ లేదా 112. అనుమతి ఉన్న టోయింగ్ బండే వస్తుంది, రసీదు దాచి తర్వాత క్లెయిమ్ చేసుకోండి.

పెట్రోల్: ఎస్‌పీ98 కొట్టించండి, గుండ్రటి గుర్తులో ఇ5. ‘గాజోల్’ అంటే డీజిల్, పేరు చూసి మోసపోవద్దు. ట్యాంక్ 45 లీటర్లే కాబట్టి బ్రియాంసోఁలో, బార్సెలోనెట్‌లో సగం ఉన్నా నింపేయండి. సూపర్‌మార్కెట్ బంకుల్లో చవక. రాత్రుళ్లు, ఆదివారాలు కార్డు మెషీనే, అది నింపేముందు పెద్ద మొత్తం బ్లాక్ చేస్తుంది. డెబిట్ కార్డులో డబ్బు చూసుకోండి.

షెంజెన్ వీసా ఆరు నెలల ముందునుంచే పెట్టుకోవచ్చు. ఫ్రెంచ్ పోలీసులు ఫోక్‌స్టన్‌లోనే పాస్‌పోర్ట్ చూస్తారు, తేడా వస్తే రైలే ఎక్కరు.

థేమ్స్‌గట్టు:
అందరికీ థ్యాంక్స్. నాలుగు రోజులకి మార్చాను, ఇజరాన్ తెరిస్తే బోనస్. టోల్ బూత్‌లు ఎడమవైపు ఉంటాయి కదా, ఒక్కడినే ఉన్నప్పుడు ఎలా?

కనుమదారి:
పక్క సీటు మీదుగా పాకాలి, వెనక హారన్లు వినాలి! దానికన్నా టోల్ ట్యాగ్ ముందే పోస్టులో తెప్పించుకుని అద్దం వెనక అతికించండి. ఆరెంజ్ ‘టి’ గుర్తు ఉన్న లేన్ పట్టుకుంటే గేటు దానంతటదే లేస్తుంది.

తిరుగు ప్రయాణంలో ఈ కారు తయారైన దియెప్ ఫ్యాక్టరీ వైపు వెళ్తే ఎ13 మీద అసలు బూత్‌లే లేవు, కెమెరాలే. ట్యాగ్ లేనివాళ్లు 72 గంటల్లో ఆన్‌లైన్‌లో కట్టాలి. గేటు లేదు కదా ఉచితం అనుకుని వెళ్లిపోతే జరిమానా పడుతుంది.