కోరంగి రేవు పోవడానికి తుఫానే కారణమా? అప్పటి పడవలు ఎలా కట్టేవారు?

పాతపటాలు:
కోరంగి మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ఎక్కడ చూసినా "1839 తుఫానులో 20,000 ఓడలు, 3 లక్షల మంది" అన్న ముక్కే తిప్పి తిప్పి రాశారు. ఇప్పుడు కాకినాడ–యానాం రోడ్డు మీద వెళితే మడ అడవుల బోర్డు తప్ప రేవు ఆనవాలే కనబడదు. నిజంగా ఒక్క తుఫానుతోనే పోయిందా? అలాగే అప్పటి పడవ పని ఎలా ఉండేది, కుట్టు పడవకీ మేకుల పడవకీ తేడా ఏమిటి? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

ఆత్రేయపాయ:
ముందు ఆ అంకెలు పక్కన పెట్టండి. 1789 ఉప్పెనకి "20,000 మంది", 1839 నవంబరు 25 తుఫానుకి "20,000 ఓడలు" అని ఒకే అంకె రెండు చోట్లా తిరుగుతోందంటేనే అనుమానం రావాలి. తెప్పలూ దోనెలూ అన్నీ కలిపి లెక్కేసినా ఒక్క రేవులో అన్ని ఉండేవంటే నమ్మబుద్ధి కాదు. ఉప్పెనలు వచ్చిన మాట మాత్రం నిజం. 1789 డిసెంబరుది ఎలా జరిగిందో రాసిపెట్టారు: పోటు నిండుగా ఉన్న వేళ, గాలి నీటిని అఖాతం మొదట్లోకి ఎగదోస్తుంటే, ఒకదాని వెనక ఒకటి మూడు అలలు వచ్చాయి. మొదటిది ఊళ్లోకి కొన్ని అడుగుల నీళ్లు తెచ్చింది, రెండోది పల్లపు భూములన్నీ ముంచింది, మూడోది మిగిలినదంతా ఊడ్చేసింది. ఈ వివరాన్ని తన రచనలో చేర్చిన కలకత్తా వాసి హెన్రీ పిడింగ్టనే 1848లో "సైక్లోన్" అన్న మాటను వాడుకలోకి తెచ్చాడు.

అయితే ఉప్పెనకి పోయిన ఊరిని మళ్లీ కట్టుకుంటారు. 1789 తర్వాత అలాగే కట్టుకున్నారు. 1802లో బ్రిటిష్ నౌకాదళం ఓడ ఆల్బట్రాస్‌ని బాగుచేసింది ఇక్కడి డాకులోనే. రేవుని అసలు చంపింది ఒండ్రు. కోరంగి సముద్రం ఒడ్డున లేదు, గౌతమి నుంచి ఉత్తరానికి చీలిన పాయ మీద ఉంది. వరద వచ్చిన ఏడల్లా పాయ నోట్లో మేట వేస్తుంది. లోతు తగ్గాక పెద్ద ఓడ బయటే లంగరు వేస్తుంది, సరుకుని దోనెల్లో మొయ్యాలి, కూలీ పెరుగుతుంది. అంత ఖర్చు పెట్టే బదులు షావుకార్లు కాకినాడకి జరిగారు. హోప్ ఐలాండ్ కూడా ఈ ఒండ్రూ ఇసకా పేరుకున్నదే, సుమారు 16 కిలోమీటర్ల దిబ్బ. కాకినాడ లంగరుకి అది అడ్డుగోడ అయింది. కోరంగికి అలాంటి అదృష్టం పట్టలేదు.

వ్యాసంలో బర్మా సంగతి వదలకండి. ఈ తీరం నుంచి రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలందరినీ అక్కడ "కోరంగీలు" అనే పిలిచేవారు, వాళ్లది ఏ ఊరైనా సరే.

గుగ్గిలం:
పడవ పని నేను చెప్తాను. కోరంగి, తాళ్లరేవు వైపు పెద్ద పడవలు మేకులతో కట్టినవి. పని కాలవ గట్టునే ఎందుకంటే, అక్కడ కెరటం ఉండదు, అమావాస్యకీ పౌర్ణమికీ వచ్చే పెద్ద పోటుకి పడవని నీళ్లలోకి జార్చవచ్చు. చిన్న పోటు రోజు జారిస్తే సగంలో బురదలో కూరుకుపోతుంది, మళ్లీ పెద్ద పోటు దాకా ఆగాల్సిందే.

దిమ్మల మీద అడుగు దూలం పరిచి, ముందు వెనక కొయ్యలు నిలబెడతారు. బల్లలకి టేకు, లోపలి వంపు కర్రలకి తుమ్మలాంటి గట్టి కర్ర. వంపు కర్రని తిన్నటి దుంగ నుంచి కొయ్యకూడదు, చెట్టుకే సహజంగా వంపు తిరిగిన కొమ్మని వెతకాలి. తిన్నటి దాన్ని వంపుగా కోస్తే నార తెగుతుంది, కెరటం దెబ్బకి సరిగ్గా అక్కడే చీలుతుంది. బల్లని వంచాలంటే ఒక వైపు తడుపుతూ రెండో వైపు సెగ చూపిస్తారు.

బల్లల సందుల్లో నూనె పట్టించిన దూదిపోగు ఉలితో దిగగొట్టి, పైన గుగ్గిలం నూనెలో కాచి పూస్తారు. ఇక్కడే కొత్తవాళ్లు దెబ్బతింటారు. ఎండు చెక్క మీద దూది మరీ బిగించి కొడితే, నీళ్లలో పడ్డాక చెక్క ఉబ్బి ఆ ఒత్తిడంతా మేకుల మీద పడుతుంది. ఇక పచ్చి చెక్కతో కడితే రెండో వేసవికే సందులు విచ్చుకుంటాయి.

పాతపటాలు:
చాలా ఉపయోగం అండి. మరి కుట్టు పడవ? మేకు దొరకని రోజుల్లో వాడిన నాసిరకం పడవ అంటారు కొందరు.

ఉప్పుగాలి:
నాసిరకం కానే కాదు, దాని పని వేరు. ఈ తీరంలో కుట్టు పడవని మసూలా పడవ అంటారు, దానికి లోపల వంపు కర్రలే ఉండవు. బల్లల అంచుల వెంబడి రంధ్రాలు తొలిచి, సందు మీద ఎండుగడ్డి గానీ కొబ్బరి పీచు గానీ మెత్తగా పెట్టి, కొబ్బరి తాడుతో అటూ ఇటూ బిగించి కుడతారు. కెరటం విరిగే చోట అడుగు ఇసకకి కొట్టుకున్నప్పుడు మేకుల పడవ బిగుసుకుని ఉంటుంది కాబట్టి పగులుతుంది, ఇది కాస్త సాగి మళ్లీ సర్దుకుంటుంది. రేవు లేని బారు తీరంలో, దూరంగా నిలిచిన ఓడల సరుకు ఒడ్డుకి తెచ్చింది ఇవే.

లోపాలూ ఉన్నాయి. కుట్టు రంధ్రాల గుండా నీరు ఊరుతూనే ఉంటుంది, తోడడానికి ఒక మనిషి కావాలి. తాడు ముందు కుళ్లుతుంది, బల్ల బాగానే ఉంటుంది. అందుకని విప్పి అవే బల్లలతో మళ్లీ కుడతారు. పాత బల్ల చేతికి దొరికితే అంచు రంధ్రాలు చూడండి, ఒకదాని పక్కన ఇంకొకటి తొలిచి ఉంటే అది తిరిగి కుట్టిన పడవ.

గుగ్గిలం:
పాత చెక్క పడవలు చూడటానికి వెళితే ఇంకోటి గమనించండి. ఇనప మేకు చుట్టూ చెక్క నల్లబడి, గోరుతో నొక్కితే దిగుతుంది. అది మామూలు చెద కాదు, ఉప్పునీటిలో మేకు తుప్పు పట్టి చుట్టూ ఉన్న చెక్కని తినేసింది. అక్కడే ఇంకో మేకు కొట్టి లాభం లేదు, ఆ ముక్క కోసి కొత్తది వెయ్యాలి. బల్ల పైకి బాగున్నా లోపల సన్నటి గొట్టాల్లా తొలిచి ఉంటే మాత్రం ఉప్పునీటిలో చెక్కని తొలిచే ఓడపురుగు పని, సుత్తితో కొడితే బోలు చప్పుడు వస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం కదా, ఆ రోజుల్లో ఒడ్డున ఎండిన చెక్క బోటుని నేరుగా నీళ్లలోకి దించరు. ముందు రెండు మూడు రోజులు లోపల నీళ్లు పోసి తడిపి ఉంచితే సందులు వాటంతట అవే మూసుకుంటాయి. ఇప్పుడు చాలామంది ఫైబర్ బోట్లకి మారారు కాబట్టి చెక్క పని చూడాలంటే ఆ రెండు నెలల్లో వెళ్లడమే మంచిది, మరమ్మతులన్నీ అప్పుడే జరుగుతాయి.