ఊరి మీదుగా నేవీ జెట్లు: ఏ వేళకు వస్తాయో ముందే తెలిసే దారి ఉందా?

పద్మ_సబ్బవరం:

అందరికీ నమస్కారం. మాది సబ్బవరం పక్కన చిన్న ఊరు. జిల్లాలు విడదీశాక కాగితం మీద అనకాపల్లి వాళ్ళం అయ్యాం గానీ ఆసుపత్రికైనా పెళ్ళి బట్టలకైనా పరుగెత్తేది వైజాగే. ఈ విమానాలూ అక్కడివే.

ప్యాసింజర్ విమానాలతో నాకు పేచీ లేదు. వాటి చప్పుడు దూరం నుంచే మొదలై మెల్లగా పెరిగి మెల్లగా పోతుంది. పిల్లలు టాటా చెప్తారు. నేను అడిగేది నేవీ జెట్ల గురించి. అవి వస్తున్నట్టే తెలీదు. నెత్తి మీదకు వచ్చేదాకా ఏమీ వినపడదు, వచ్చాక ఇంకేమీ వినపడదు. పాక రేకులు గడగడలాడతాయి, కుక్క మంచం కింద దూరుతుంది. పోయింది కదా అని ఊపిరి తీసుకునేలోపు వెనకే ఇంకోటి.

మిగతావాటికి సర్దుకున్నాం. ఫోన్‌లో "ఉండండి, విమానం" అని ఆగడం నాకూ అలవాటే, అవతలివాళ్ళకూ అలవాటే. మా మావయ్యగారికి చెవుడు కాబట్టి ఆయనకు బాధ లేదు, పైగా "ఏం స్పీడు, ఏం స్పీడు" అని మెచ్చుకుంటారు. వచ్చిన చిక్కల్లా గేదెలతోనే. మాకు ఉన్నవాటిలో ఒకటి తొలిచూరుది, ఉత్త పిరికిది. సాయంత్రం పూట దూడను వదిలి, పొదుగు కడిగి, చేపుకొచ్చింది అనుకునే సమయానికి జెట్ వెళ్ళిందా, అంతే, ఎగచేపేస్తుంది, పాలు బిగబట్టేస్తుంది. చెంబు ఒకవైపు, నేను ఒకవైపు. మళ్ళీ దూడను వదిలి, బతిమాలి, తౌడు పెట్టి ఒప్పించేసరికి పాలకేంద్రం మూసేసే వేళవుతుంది. ఆ పూట పాలు ఇంట్లో పెరుగైపోతాయి. ఎంత పెరుగని తింటాం?

ఊళ్ళో ఈ మాట ఎత్తితే ఒక పెద్దాయన "దేశం కోసం తిరుగుతున్నారమ్మా, నీ గేదె ముఖ్యమా" అన్నారు. తిరగొద్దని నేనన్నానా? మా పిన్ని కొడుకు కూడా నేవీలోనే చేశాడు. నాకు అర్థం కానిది ఒకటే. కరెంటు తీసేస్తే ముందు రోజు పేపర్లో వేస్తారు. కుళాయి రాకపోతే ఆటోలో మైకు పెట్టి చెప్తారు. దీనికి మాత్రం చెప్పే నాథుడు లేడు. ఫలానా రోజు సాయంత్రం ఉంటుంది అంటే పాలు తీయడం అరగంట ముందుకు జరుపుకుంటాను, గొడవే లేదు.

ఇంత కిందుగా రావచ్చా? ఎప్పుడు ఎక్కువ వస్తాయో పసిగట్టే దారి ఏదైనా ఉందా? ఎవరికి చెప్పుకోవాలి? రేపు ప్యాసింజర్ విమానాలన్నీ భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకు వెళ్ళిపోతే మాకు తగ్గుతుందా, పెరుగుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి. దేశభక్తి పాఠాలు మాత్రం వద్దు, అవి ఇప్పటికే అయ్యాయి.

గాజువాక_చిన్నా:

అక్కా, నేవీ డేకి మేం వైజాగ్ ఆర్కే బీచ్‌లో మధ్యాహ్నం నుంచీ ఎండలో నిలబడి, జనంలో నలిగి చూసే షో మీకు కళ్లంలో కూర్చుంటే ఫ్రీ. టికెట్ పెట్టండి, పాల కంటే ఎక్కువ వస్తుంది.

పద్మ_సబ్బవరం:

రా తమ్ముడూ. టికెట్ వద్దు, ఆ గేదె దగ్గర చెంబు పట్టుకుని కూర్చో చాలు.

మల్కాపురం_మాజీ:

పద్మమ్మా, నేను నేవీలో విమానాల మెయింటెనెన్స్ వైపు చేసి రిటైరయ్యాను. లోపలి సంగతులు నేను చెప్పకూడదు, మీకు అక్కర్లేదు కూడా. పైకి కనిపించేదే చెప్తాను, మీ లెక్కలకు అది సరిపోతుంది.

వైజాగ్ ఎయిర్‌పోర్టు అని మనం అనేది నిజానికి నేవీ వారి స్థావరం, ఐఎన్ఎస్ డేగా. 1991లో ఆ పేరుతో మొదలైంది. ప్యాసింజర్ విమానాలు వాడేది ఆ రన్‌వేనే. అది 3 కిలోమీటర్ల పొడవున, ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉంటుంది. తూర్పు కొసన ఓడరేవు, డాల్ఫిన్స్ నోస్ కొండ. పడమటి కొస నుంచి గీత పొడిగిస్తే అది వచ్చేది మీ వైపే. ఉత్తరాన సింహాచలం కొండలున్నాయి కాబట్టి అటు పక్క తిరగడానికి చోటు తక్కువ.

ఇక గాలి సంగతి. ఏ విమానమైనా గాలికి ఎదురుగానే లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. పడమటి గాలి ఉన్న రోజు ఓడరేవు వైపు నుంచి దిగుతాయి, లేచేటప్పుడు మీ వైపు ఫుల్ పవర్‌తో వస్తాయి. చప్పుడు బాగా ఎక్కువ. గాలి తూర్పు నుంచి వీస్తే మీ వైపు నుంచి దిగుతాయి. అప్పుడు పవర్ తగ్గించి ఉంటారు కాబట్టి చప్పుడు కాస్త తక్కువ, కానీ ఎత్తూ తక్కువే. పొద్దున్నే పొయ్యి పొగ ఎటు పోతుందో చూస్తే ఆ రోజు మీ వాటాకు ఏది వస్తుందో సగం తెలిసిపోతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తగిలాక మాత్రం వరస మారొచ్చు.

"ఇంత కిందుగా రావచ్చా" అన్నారు. రన్‌వేకు దిగే ప్యాసింజర్ విమానం మామూలుగా 3 డిగ్రీల వాలులో వస్తుంది. అంటే 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరి మీద అది 1,700 అడుగుల ఎత్తులో ఉంటుంది. రన్‌వేకు దగ్గరవుతున్న కొద్దీ ఇంకా కిందకు. దిగే దారిలో ఉన్న ఊరికి ఇది తప్పదు. జెట్లు శిక్షణలో వేరే రకంగా కూడా తిరుగుతాయి, దాని ఎత్తులు నేను చెప్పను.

ఇక్కడ తరచూ కనిపించేది హాక్. ఒకే ఇంజిను, ముందొకరు వెనకొకరు కూర్చుంటారు, కుర్ర పైలట్లకు చేతికి అలవాటు చేసే విమానం. మిగ్-29కేకు రెండు ఇంజిన్లు, వాటి ఇల్లు గోవా, విన్యాసాలకు ఇటు వస్తాయి. రెండో ఇంజిను తేడా మీ పాక రేకులకే ముందు తెలుస్తుంది. శిక్షణలో చక్రాలు రన్‌వేకు తాకించి ఆగకుండా మళ్ళీ లేవడం అని ఒకటుంటుంది. మీకు కాసేపటికి మళ్ళీ వచ్చినట్టనిపించే ఇంకోటి చాలాసార్లు ఇంతకుముందు పోయినదే. కాబట్టి ఒకటి వచ్చిందంటే ఆ పూటకు అయిపోలేదని లెక్క. కొంతసేపు ఆగి పాలు తీయండి.

వస్తున్నట్టు ఎందుకు తెలీదంటే, జెట్ చప్పుడు ఎక్కువగా వెనక్కి పోతుంది, ముందున్నవాళ్ళకు తక్కువ. దానికి తోడు వేగం. గంటకు 700 కిలోమీటర్ల మీద వచ్చే విమానం 2 కిలోమీటర్ల దూరంలో చేసిన చప్పుడు మీ చెవికి చేరడానికి దాదాపు 6 సెకన్లు. విమానం మీ నెత్తి మీదకు రావడానికి 10 సెకన్లు. మధ్యలో మీకు మిగిలేది 4. అందులోనూ చెట్లు, కొండ అడ్డం ఉంటే అదీ ఉండదు. చప్పుడు వచ్చిన చోట వెతికితే కూడా కనపడదు, దానికి చాలా ముందుకు చూడాలి.

ఊళ్ళో వాళ్ళు "సౌండ్ బారియర్ బద్దలైంది" అంటూ ఉంటారు. అది కాదు. హాక్ తిన్నగా ఎగిరేటప్పుడు ధ్వని వేగం దాటదు. ధ్వని వేగం దాటినప్పుడు వచ్చేది బాంబు పడ్డట్టు ఒకే ఒక్క దెబ్బ. 2020 మే 20న బెంగళూరు మొత్తం అదిరింది గుర్తుందా? వాయుసేన పరీక్ష విమానం 36,000 అడుగుల పైన ధ్వని వేగం దాటి పోతూ, మళ్ళీ దానికంటే తక్కువకు వేగం తగ్గించుకుంటుంటే వచ్చిన చప్పుడు అది. అంత ఎత్తు నుంచి వచ్చినా ఊరంతా వినపడింది.

భోగాపురం సంగతి: ప్యాసింజర్ విమానాలు పోయినా డేగా ఎక్కడికీ పోదు. అప్పుడు రన్‌వే మొత్తం నేవీదే అవుతుంది. తగ్గుతుందని నేనైతే ఆశ పెట్టుకోను.

ఒక్క మాట, కోపం తెచ్చుకోవద్దు. మీ ఊరి చెరువు గట్టున కోడి వ్యర్థాలు పారబోస్తుంటే ఆపించండి. ఎయిర్‌పోర్టుకు 10 కిలోమీటర్ల లోపు అది నిషేధం కూడా. వాటికి గద్దలు చేరతాయి. ఒకే ఇంజిను ఉన్న విమానంలోకి గద్ద దూరితే ఆ కుర్రాడికి ఇంకో ఇంజిను లేదు.

పద్మ_సబ్బవరం:

బాబాయ్ గారూ, ఇంత ఓపికగా ఎవరూ చెప్పలేదు. పొగ సంగతి ఈ రోజు నుంచే చూస్తాను. 1,700 అడుగులంటే నమ్మబుద్ధి కావడం లేదు, మా మామిడి చెట్టు కొసకు తగులుతుందేమో అనిపిస్తుంది. వ్యర్థాల మాట నిజమే, సెంటర్లో చికెన్ షాపు వాళ్ళు రాత్రిపూట పోస్తారు. సర్పంచ్‌తో చెప్తాను, విమానాల కోసం అంటే వింటాడేమో, మా ముక్కుల కోసం అంటే వినలేదు.

పశువుల_డాక్టర్_చోడవరం:

పద్మగారూ, మీ గేదెది మొండితనం కాదు. పొదుగు కడిగి దూడను వదిలినప్పుడు ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై చేపు వస్తుంది. సరిగ్గా అప్పుడు బెదిరితే అడ్రినలిన్ దాన్ని పనిచేయనివ్వదు. పాలు పొదుగులోనే ఉంటాయి, కిందకు దిగవు. కొట్టినా, లాగినా ఇంకా బిగుస్తుంది. ఆ పూటకు చెంబు పక్కన పెట్టి, దాణా వేసి, బెదురు పోయాక మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టడమే మార్గం. పూర్తిగా వదిలేసి మాత్రం వెళ్ళకండి, పాలు నిలవుంటే పొదుగువాపు వస్తుంది.

ఎవరో ఒకరు ఇంజెక్షన్ తెచ్చిస్తామంటారు, మీ చుట్టుపక్కల నాకు తెలుసు. ఒప్పుకోవద్దు. పాల కోసం పశువుకు హాని చేసే ఇంజెక్షన్లు 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. నేరం మాట పక్కన పెట్టినా, అలవాటైతే సూది లేనిదే చేపదు.

మీరు రాసినదాంట్లో నా కన్ను పడింది రేకుల మీద. గేదెను బెదరగొట్టేది సగం జెట్, సగం దాని నెత్తి మీద గడగడలాడే రేకు. ఎక్కి చూడండి, బోల్టులు వదులై ఉంటాయి. కింద రబ్బరు వాషర్లు వేసి బిగించి, పైన తాటాకు పరిస్తే చప్పుడూ తగ్గుతుంది, ఎండాకాలం వేడీ తగ్గుతుంది. పాలు తీసే ముందు నుంచి పాకలో రేడియో పెట్టి ఉంచండి. పూర్తి నిశ్శబ్దంలో ఉన్న పశువు ఎక్కువ బెదురుతుంది. ఇంకో ఈతకు ఈ తొలిచూరుది మీ మావయ్యగారిలా తయారవుతుంది, చూడండి.

వేల్స్_నర్సు:

పద్మక్కా, మాది భీమిలి. ఇప్పుడు బ్రిటన్‌లో వేల్స్ అనే కొండ ప్రాంతంలో ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఇక్కడ ఊళ్ళ వాళ్ళ గొడవ అచ్చంగా మీదే, పశువులే తేడా, గొర్రెలు. మాక్ లూప్ అనే లోయల గుండా యుద్ధ విమానాలు 250 అడుగుల ఎత్తున పోతాయి. ఫొటోలు తీసేవాళ్ళు కొండెక్కి కూర్చుంటే విమానం వాళ్ళ కంటే కిందుగా పోతుంది, పైలట్ తల పైనుంచి కనపడుతుంది!

మీకు పనికొచ్చేది ఇది. ఇంకా కిందకు, 100 అడుగుల దాకా దిగే శిక్షణకు కొన్ని ప్రాంతాలు కేటాయించారు. వేల్స్ మధ్య భాగం అందులో ఒకటి. ఏ రోజు, ఏ వేళల్లో ఉంటుందో ప్రభుత్వం ముందుగానే వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఫిర్యాదుకు నంబరు కూడా ఉంది. అంటే రక్షణ శాఖ రహస్యం పోకుండానే టైమ్ చెప్పొచ్చన్నమాట. విమానం ఏం చేస్తుందో చెప్పరు, ఉంటుందని మాత్రం చెప్తారు. గొర్రెలు ఈనే రోజుల్లో రైతులు దాన్ని చూసుకునే పనులు పెట్టుకుంటారు.

గాజువాక_చిన్నా:

సరే, సీరియస్‌గా ఒకటి చెప్తా. పెద్ద విన్యాసాలంటే డిసెంబరు 4, నేవీ డే, ముందు వారం అని మేమంతా లెక్కేసుకునేవాళ్ళం. ఆ లెక్కా ఇప్పుడు చెల్లదు. 2024 నేవీ డే ప్రధాన విన్యాసం పూరీలో చేశారు, మన బీచ్‌లో 2025 జనవరి 4న జరిగింది. రిహార్సల్స్ దానికి ముందు. బీచ్ రోడ్డు మూసేస్తారు కాబట్టి మా సిటీ వాళ్ళకు ట్రాఫిక్ పోలీసులు ముందే ప్రకటన ఇస్తారు. మీరు ఆ ట్రాఫిక్ ప్రకటనలు చూస్తుంటే మీ గేదెకూ పనికొస్తుంది. నవ్వకండి, నిజమే చెప్తున్నా.

పద్మ_సబ్బవరం:

నవ్వలేదు తమ్ముడూ, అదీ రాసుకున్నాను. రోడ్డు మీద కారు తిప్పుకోవడానికి చెప్పేది, పాక దగ్గర గేదె తిప్పుకోవడానికి ఎందుకు చెప్పరు అనేదే నా ప్రశ్న.

వేల్స్ చెల్లి చెప్పింది చదివాక నాకు ధైర్యం వచ్చింది. ఇన్నాళ్ళూ టైమ్ అడగడమే తప్పేమో అనుకునేలా మాట్లాడారు మావాళ్ళు. ఎయిర్‌లైన్స్ వాళ్ళకైతే నేవీ శిక్షణ వేళలు చూసే స్లాట్లు ఇస్తారని విన్నాను. బాబాయ్ గారూ, నిజమేనా?

మల్కాపురం_మాజీ:

నిజమే. ఒకే రన్‌వే కాబట్టి శిక్షణ వేళల్లో ప్యాసింజర్ విమానాలకు పరిమితులుంటాయి. ఆ మాట పేపర్లలో ఎన్నోసార్లు వచ్చింది, అది రహస్యమేం కాదు. అయితే వాతావరణం బట్టి, విమానం సిద్ధంగా ఉండటం బట్టి చివరి నిమిషంలో మారుతుంటాయి. రోజువారీ గంటలు ఇస్తారని నేననుకోను. "ఈ వారం సాయంత్రాలు ఎక్కువ" అనే మాటైనా పంచాయతీకి పంపమని అడగండి. అది ఇవ్వగలిగినదే. కోర్టులు, ధర్నాలు అని మొదలుపెడితే మాత్రం ఒక్క కాగితం కదలదు.

పద్మ_సబ్బవరం:

ధర్నాకు నాకు తీరిక ఎక్కడిది, పాలెవరు తీస్తారు.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది కదా, అక్కడ ఇస్తాను. విమానం లేచేది విశాఖ జిల్లాలో, అర్జీ ఇవ్వాల్సింది అనకాపల్లిలో, కాబట్టి కౌంటర్లో "మాది కాదమ్మా" అంటారని ముందే తెలుసు. అందుకే ఇంకో కాపీ వైజాగ్‌లో రక్షణ శాఖ పీఆర్ఓ గారికి పోస్టులో పంపుతాను. అడిగేవి రెండే. శిక్షణ ఎక్కువగా ఉండే రోజులు, పూటలు పంచాయతీకి ముందుగా చెప్పడం ఒకటి. ఏదైనా నష్టం జరిగితే ఎవరికి ఫోన్ చేయాలో ఒక నంబరు ఇవ్వడం రెండు. ఎగరొద్దు అనే మాట అందులో ఎక్కడా ఉండదు. పాలకేంద్రంలో పోసే వాళ్ళందరి సంతకాలూ పెట్టిస్తున్నాను, జెట్లంటే ముచ్చటపడే మావయ్యగారి సంతకంతో సహా.

రేకులకు రబ్బరు వాషర్లు మా ఆయన సబ్బవరంలో తెచ్చారు, ఎక్కడం ఆదివారం. తెలుగులో అర్జీ రాసేశాను, పీఆర్ఓ గారికి ఇంగ్లీషులో పంపితే మేలంటున్నారు. ఎవరైనా మార్చిపెడతారా?

వేల్స్_నర్సు:

పెట్టక్కా ఇక్కడే. నైట్ డ్యూటీ అయ్యాక చేసి పంపిస్తా.