బొప్పాయి విపరీతంగా పూస్తోంది, ఒక్క కాయా లేదు. ఎందుకు?

మధురవాడ నుంచి అడుగుతున్నా. గింజ పడి దానంతటదే మొలిచిన బొప్పాయి, మనిషెత్తు దాటింది, పూలన్నీ పొడవాటి కాడలకు గుత్తులుగా వేలాడి రాలిపోతున్నాయి తప్ప ఒక్క పిందె పడట్లేదు. ఎరువు తక్కువైందా? పక్కనే అరటి ఏ గొడవా లేకుండా గెల వేసేసింది!

జవాబు: అన్నా, అది మగ చెట్టు. ఎరువు దండగ. ఆడ పూలు కాండానికి అంటుకున్నట్టు లావుగా ఉంటాయి. ఒకే పూవులో మగా ఆడా రెండూ ఉండే ద్విలింగ చెట్లూ ఉంటాయి, వాటికి తోడు అక్కర్లేదు.

జవాబు: అరటి సంగతి వేరండీ. మనం తినే రకాలకు పరాగ సంపర్కం లేకుండానే కాయ వస్తుంది, చాలావాటిలో క్రోమోజోములు జతలుగా కాక మూడేసి చొప్పున ఉండటంతో గింజ కట్టదు. పిలక అంటే అచ్చంగా తల్లే, అమీబా రెండుగా చీలినట్టు. అందుకే తెగులు వచ్చిందంటే తోట మొత్తానికి టెన్షనే.

మళ్ళీ నేనే: మరి మొలకలోనే మగా ఆడా తెలీదా?

జవాబు: చూసి చెప్పలేం, పూత వచ్చాకే. కానీ గింజలోనే తేలిపోయి ఉంటుంది, మనుషుల్లో లాగే ఎక్స్, వై క్రోమోజోములు. (ఆడపిల్ల పుట్టిందని కోడల్ని సాధించే అత్తలు వినాలి, వై వచ్చేది తండ్రి నుంచే.) మన ఆర్కే బీచ్‌కి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళకైతే అదీ లేదు, గుడ్లున్న ఇసుక వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి. ఈసారి గుంతకు మూడు మొలకలు పెట్టి, పూత చూశాక ఆడ చెట్ల కోసం ఒక్క మగది ఉంచి మిగతా మగవి తీసెయ్యండి.