మహేంద్రగిరిని మూయాల్సింది వానల్లోనా, ఎండల్లోనా?

తనయ ఒడ్డు (పర్లాకిమిడి):
మొన్న ఆదివారం టీ కొట్టు దగ్గర మొదలైన గొడవ ఇది. అక్కడ తేలలేదు, ఇక్కడ పెడుతున్నా. మావాడొకడు ఏమంటాడంటే, మన ఒడిశాలోనే సిమిలిపాల్ పులుల అడవిని వానాకాలం మూసేసి నవంబరులో తెరిచినట్టు మన మహేంద్రగిరిని కూడా జూన్ నుంచి అక్టోబరు దాకా మూసేయాలట. మిగతా నెలల్లో టికెట్టు పెట్టాలి, ఊరి గైడు లేనిదే పైకి పంపకూడదు, రోజుకి ఇంతమందే అని లెక్క కట్టాలి. నాకు నచ్చలేదు. కానీ సరైన జవాబు కూడా తోచలేదు.

తెలియనివాళ్ల కోసం: కొండ మా గజపతి జిల్లాలో ఉంది, ఎత్తు 1501 మీటర్లు. దేవమాలి తర్వాత ఒడిశాలో ఇదే పెద్దదంటారు. పైన భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి ఉన్నాయి. శివరాత్రికి పెద్ద జాతర. మహేంద్రతనయ ఇక్కడే పుట్టి, శ్రీకాకుళం జిల్లాలోకి దిగి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఇప్పుడు వానలు పడగానే శని, ఆదివారాల్లో బైకులు వరసకట్టి వస్తున్నాయి. ఏం చేద్దామంటారు?

పలాస బండి:
అన్నా, వానల్లో మూసేస్తే ఇంక మిగిలేదేముంది? ఆగస్టులో ఎప్పుడైనా ఎక్కావా? మందస దగ్గరికి వచ్చేసరికే కొండ తలకి మబ్బు చుట్టుకుని కూర్చుంటుంది. పైకెళ్తే ఆ మబ్బులో మనమే ఉంటాం. పదడుగుల్లో ఉన్న గుడి కనపడదు. గాలి ఒక్క తోపు తోసిందా, భీముడి గుడి ఆ పెద్ద పెద్ద రాళ్లతో ఎదురుగా నిలబడుతుంది. మేం వెళ్లేది దానికోసమే. జనవరిలో ఎండుగడ్డి చూడ్డానికి పెట్రోలు ఎవడు తగలేస్తాడు?

ఇంకోటి, అది సర్కారు అడవి, అంటే అందరిదీ. నడిచినందుకు టికెట్టేంటి? శివరాత్రికి ఎక్కే అంతమందికి లేని టికెట్టు పదిమంది కుర్రాళ్లకి ఎందుకు? తోవ తెలిసినవాడికి గైడెందుకు? నేను పదకొండుసార్లు వెళ్లాను, ఒంటి మీద ఒక్క గీత పడలేదు.

గుమ్మ మాస్టారు:
పలాస బాబూ, నీకు గీత పడలేదు, సంతోషం. పడినవాళ్ల సంగతి నేను చెబుతాను.

నేను రిటైరయ్యేదాకా సవర ఊళ్ల బళ్లలోనే పనిచేశాను, అందులో ఏడేళ్లు ఈ కొండ కిందే. ఒక జూలైలో మధ్యాహ్నం పూట ఇద్దరు కుర్రాళ్లు బండి మీద దిగుతున్నారు. మలుపులో నాచు పట్టిన రాయి మీద బండి జారింది. వెనకాల కూర్చున్నవాడికి మోకాలి కింద ఎముక విరిగి కాలు పక్కకి తిరిగిపోయింది. సిగ్నల్ లేదు. రెండోవాడు అరుచుకుంటూ ఊళ్లోకి పరిగెత్తుకొచ్చాడు.

ఆ రోజు ఊరంతా మెట్ల పొలాల్లో నాట్లు వేస్తున్నారు. మీరు చూసే ఉంటారు, కొండవాలుకి రాళ్లు పేర్చి మెట్లు మెట్లుగా దిద్దిన సవరల పొలాలు. ఎనిమిదిమంది నారు కట్టలు గట్టుమీద వదిలేసి బురద కాళ్లతో వచ్చారు. ఒక వాసం, రెండు దుప్పట్లు, డోలీ కట్టేశారు. నలుగురు మోస్తుంటే నలుగురు పక్కన నడుస్తూ భుజం మార్చుకుంటారు. జీపు అందే చోటికి మూడు గంటలు పట్టింది. దారిలో రెండుసార్లు వాన. నేను గొడుగు పట్టాను, నేను చేసిందల్లా అదే.

జీపు ఎక్కించాక రెండో కుర్రాడు జేబులోంచి రెండు వందలు తీసి పెద్దాయన చేతిలో పెట్టబోయాడు. ఎనిమిదిమందికి రెండు వందలు. ఆయన తీసుకోలేదు. సవరలో ఒక మాట అని వెనక్కి తిరిగాడు. ఏమన్నాడు సార్ అని కుర్రాడు నన్నడిగాడు. ఏమీ లేదులే, జాగ్రత్తగా వెళ్లమన్నాడు అని చెప్పాను. ఆయన అన్నది, "నారు వాడిపోతుంది" అని.

వానల్లో కొండెక్కే సరదా మీది, డోలీ వాళ్లది. నా బాధ ఇదొక్కటే.

పలాస బండి:
మాస్టారూ, అది విని బాధేసింది, నిజం చెబుతున్నా. కానీ ఇద్దరు అజాగ్రత్తగా నడిపారని అందరికీ తాళం వేస్తారా? అలాగైతే ముందు హైవే మూసేయాలి.

గుమ్మ మాస్టారు:
అజాగ్రత్త ఒక్కటే కాదు నాయనా. తిత్లీ తుపాను గుర్తుందా, 2018 అక్టోబరు 11? మీ పలాస జీడితోటలన్నీ నేలకొరిగిన రోజు. మా వైపు బరఘర అనే ఊళ్లో వానకి ఇళ్లు నిలవవని జనం కొండ మాటున గుహలోకి వెళ్లి తలదాచుకున్నారు. కొండచరియ విరిగి పడింది. పదిమందికి పైగా పోయారు. వాళ్లు ఆ కొండల్లోనే పుట్టినవాళ్లు. తడిసిన కొండ ఎప్పుడు ఏం చేస్తుందో వాళ్లకే తెలియలేదు. ఫోనులో మ్యాపు చూసి వచ్చేవాడికి ఏం తెలుస్తుంది?

సెమిలిగుడ కాఫీ:
ముందు చిన్న దిద్దుబాటు. దేవమాలి తర్వాత మహేంద్రగిరే అని అందరూ రాస్తారు గానీ, మా పొట్టంగి వైపు తురియా కొండ దానికంటే ఎత్తు. మా కోరాపుట్ వాళ్లకి ఈ ఒక్క విషయంలోనే గర్వం, వదిలేయండి.

దేవమాలి 1672 మీటర్లు. నేను కాలేజీలో ఉన్నప్పుడు కింద ఊళ్లో బస్సు దిగి పొద్దంతా నడిచేవాళ్లం. ఇప్పుడు పైదాకా రోడ్డు. డిసెంబరు ఆఖరి వారం వచ్చి చూడండి, పెళ్లి మండపం బయట పార్కింగులా ఉంటుంది. డిక్కీలో స్పీకర్లు, పొయ్యిలు, తెల్లారేసరికి గడ్డిలో సీసా పెంకులు. మా పక్క ఊరి పశువులకాపరి ఆవు గిట్టలోంచి గాజు ముక్క తీస్తుంటే నేనే టార్చి పట్టుకున్నా. అందుకని టికెట్టు, గైడు సంగతి తర్వాత. ముందు బండి ఎక్కడ ఆపాలో తేల్చండి. చివరి నాలుగైదు కిలోమీటర్లు నడవాలంటే సగంమంది వాళ్లంతట వాళ్లే మానేస్తారు, ఏ గేటూ అక్కర్లేదు.

ఇచ్ఛాపురం కోడలు:
ఇక్కడ రాసేవాళ్లంతా మోకాళ్లు బాగున్నవాళ్లే అనుకుంటా. మా అత్తయ్యకి అరవై ఎనిమిదేళ్లు. ఏటా శివరాత్రికి జీపులో తీసుకెళ్తాం. నాలుగైదు కిలోమీటర్లు నడవమంటే ఆవిడ ఇంక ఆ గుడి చూడలేదు. కొండ మీది శివుడు, గోకర్ణేశ్వరుడు, ముఖలింగం ఏలిన గంగరాజుల ఇలవేల్పు, మాకూ అంతే. ట్రెక్కింగు అనే మాట పుట్టకముందు నుంచీ మావాళ్లు ఎక్కుతున్న కొండ అది. మమ్మల్నీ బైకుల వాళ్లనీ ఒక గాటన కట్టకండి.

మూస్తే వానల్లో మూసుకోండి, అభ్యంతరం లేదు. డబ్బు తీసుకుంటే మాత్రం ఆడవాళ్లకి ఒక మరుగుదొడ్డి కట్టండి. పోయినేడు జాతరలో మేం నలుగురం చీర అడ్డం పట్టుకుని నిలబడ్డాం.

నిప్పుల లైను:
ఇంతవరకూ ఎవరూ ఎత్తని మాట ఒకటి చెబుతా. మా నాన్న ఫారెస్టులో వాచరు. మా ఇంట్లో మార్చి వస్తే ఆయన భోజనానికి కూడా ఉండేవాడు కాదు.

మీరంతా వాన గురించి కొట్టుకుంటున్నారు. వానలో మనిషికి ప్రమాదం, నిజమే. కొండకి ప్రమాదం మాత్రం ఫిబ్రవరి నుంచి మే దాకా. గడ్డి ఎండి బీడీ ముక్కకి అంటుకునేలా ఉంటుంది. అప్పుడే పోడుకి నరికినవి కాలుస్తారు. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాలుస్తారు. అయితే అలా కాల్చేవాళ్లు దగ్గరే ఉంటారు, గాలి చూసుకుంటారు. ఒక్కోసారి చెయ్యి దాటుతుంది, కాదనను. బయటినుంచి వచ్చి చికెన్ కాల్చుకుని, నీళ్లు చల్లామనుకుని దిగిపోయేవాళ్ల నిప్పు ఉంటుంది చూడండి, అది రాత్రి లేస్తుంది. నాన్న చేతిలో ఉండేది పచ్చి కొమ్మ. దాంతోనే కొట్టి ఆర్పడం.

తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో 2018 మార్చి 11న ఎండుగడ్డి అంటుకుని ఇరవైమందికి పైగా ట్రెక్కర్లు పోయారు. వాన చుక్క లేదు, జారింది లేదు. ఆ తర్వాతే అక్కడ నిబంధనలు గట్టిగా పెట్టారు, ఎండలు ముదిరే నెలల్లో దారులు మూస్తున్నారు. మనం మూస్తే మూయాల్సింది కూడా ఆ నెలలే. కానీ శివరాత్రి పడేది సరిగ్గా ఆ మొదట్లోనే. ఆ మాట ఎత్తితే ఓట్లు పోతాయి గనక ఎవరూ ఎత్తరు. కుర్రాళ్లని వానల్లో ఆపడం తేలిక.

అక్కా, మీ అత్తయ్యని ఆపమనడం లేదు. జాతర మూడు రోజులూ జరగనివ్వండి. ఆ తర్వాత వానలు పడేదాకా పైన పొయ్యి వెలిగించకూడదు, అంతే. కర్పూరం కూడా గుడి లోపలే.

ఇచ్ఛాపురం కోడలు:
కర్పూరం లోపలే అంటే ఒప్పుకుంటా తమ్ముడూ. పొయ్యి వెలిగించకపోతే ప్రసాదం కిందే వండుకుని వస్తాం. చెప్పేవాడు సరిగ్గా చెబితే ఎవరూ కాదనరు. పోయినేడు ఒక యూనిఫాం ఆయన లాఠీతో చెప్పాడు.

కొత్త మెంబరు (విజయనగరం):
మధ్యలో వస్తున్నా, క్షమించండి. వచ్చే నెల వద్దామనుకుంటున్నాం. రాయగడలో రైలు దిగితే కొండకి ఆటోలు దొరుకుతాయా?

తనయ ఒడ్డు (పర్లాకిమిడి):
దొరకవు, ఎందుకంటే అది వేరే రాయగడ. మీరనేది రాయ్‌పూర్ లైనులో వచ్చే జిల్లా కేంద్రం. మహేంద్రగిరి ఉన్నది గజపతి జిల్లాలోని రాయగడ బ్లాకులో, అక్కడికి రైలే లేదు. ఇలా దిగి మాకు ఫోను చేసినవాళ్లలో మీరు మొదటివారు కాదు. మా బావమరిది కూడా ఉన్నాడు, పెట్టెతో సహా.

కోర్టు వీధి:
చట్టం సంగతి కొంచెం. "సర్కారు అడవి, అంటే అందరిదీ" అన్నాడు పలాస తమ్ముడు. అంత సూటిగా లేదు. గజపతి జిల్లాలో రాయగడ, గుమ్మ బ్లాకులు రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందకి, అంటే గిరిజన ప్రాంతాల జాబితాలోకి వస్తాయి. అక్కడ గిరిజన ఊళ్ల గ్రామసభలకి అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం ఉంది, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉంది. ఆ రెండో చట్టంలో తమ అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకి రాసిపెట్టారు. కాబట్టి టికెట్టు పెట్టాలా వద్దా అని పర్లాకిమిడి టీ కొట్టులోనో పలాస టీ కొట్టులోనో తేలదు. ముందు అడగాల్సింది ఆ ఊళ్ల గ్రామసభల్ని.

2022లో ఒడిశా ప్రభుత్వం మహేంద్రగిరిని రాష్ట్రంలో రెండో జీవావరణ రిజర్వుగా (బయోస్పియర్ రిజర్వు) ప్రతిపాదించింది, గజపతి, గంజాం జిల్లాల్లో కలిపి దాదాపు 4,700 చదరపు కిలోమీటర్లు. మొదటిది సిమిలిపాల్. ఆ పేరు వస్తే కొండ దానంతటదే కాపాడబడుతుందని చాలామంది అనుకుంటున్నారు. మన దేశంలో జీవావరణ రిజర్వుకంటూ ప్రత్యేకంగా చట్టం లేదు. మధ్యలో కోర్, చుట్టూ బఫర్, ఆపైన ఊళ్లు ఉండే జోను అని గీతలు గీస్తారు. కాపలా మాత్రం పాత అటవీ, వన్యప్రాణి చట్టాలతోనే. పేరు చూసి వచ్చే జనం మాత్రం ఖాయం.

కర్ణాటకలో కుమార పర్వతం చూశారుగా? 2024 జనవరిలో సెలవులకి జనం చీమల్లా ఎక్కిన వీడియోలు వచ్చాక, ఆన్‌లైన్ బుకింగ్ పెట్టి రోజుకి ఇంతమందే అన్నారు. అది పనిచేస్తుంది. కాకపోతే ఆ డబ్బు ఎటు పోవాలన్నది మన దగ్గర ముందే రాసుకోవాలి. ఊరి ఖాతాలోకి పడని టికెట్టుకి నేను ఒప్పుకోను.

సెమిలిగుడ కాఫీ:
ప్లీడరు గారూ, ఊరి ఖాతా అంటే ఎవరి సంతకంతో తీసే ఖాతా? అది కూడా రాయండి. మా దగ్గర ఒకచోట గేటు డబ్బులు వసూలు చేసే కమిటీలో ఊరివాళ్ల పేర్లున్నాయి, రసీదు పుస్తకం మాత్రం టౌనులో ఒకాయన బీరువాలో ఉంటుంది.

పలాస బండి:
సరే, నేను కొంత దిగుతా. గైడుకి డబ్బిస్తాను, టికెట్టు కొంటాను, పైన నిప్పు వెలిగించను. సీసాలు మా గ్యాంగు ఎప్పుడూ వెనక్కి తెచ్చుకుంటుంది, ఫొటోలున్నాయి. కానీ వానాకాలమంతా మూసేయడానికి మాత్రం ఒప్పుకోను. అలర్టు వచ్చిన రోజున మూయండి. గైడు వద్దంటే వెనక్కి తిరుగుతాం.

నిప్పుల లైను:
గైడు వద్దంటే నిజంగా తిరుగుతారా? సవర కుర్రాడు, పద్దెనిమిదేళ్లు, చెప్పులు లేవు. నీ జాకెట్టు ఖరీదుకి వాళ్లింట్లో రెండు మేకలొస్తాయి. వాడు "మబ్బు పట్టింది, వద్దు" అంటే తిరిగిన బైకు నేనింతవరకూ చూడలేదు.

తనయ ఒడ్డు (పర్లాకిమిడి):
దీనికి నా దగ్గరా జవాబు లేదు. వాడి చేతిలో గేటు తాళం ఉంటే తిరుగుతారేమో. టీ కొట్టులో నేను మావాడితో గైడు తప్పనిసరి వద్దన్నాను, ఆ ఒక్కటి వెనక్కి తీసుకుంటున్నా. వానల్లో మూయడం గురించి ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేదు.

పలాస బండి:
మాస్టారూ, ఒక్క మాట అడగనా? ఈ ఆదివారం మేం ఆరుగురం వద్దామనుకున్నాం. ఆ ఊళ్లో నాట్లు అయిపోయాయా?

గుమ్మ మాస్టారు:
లేదు నాయనా. ఈసారి వాన ఆలస్యం, నిన్ననే నారు పీకడం మొదలుపెట్టారు. ఇంకా రెండు వారాలు పడుతుంది.

పలాస బండి:
సరే. రెండు వారాలాగి ఫోను చేస్తా.