అవకాడో టోస్ట్ మీద గుడ్డు, కూరగాయలు పెట్టేసరికి బ్రెడ్ నానిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న

నమస్తే అండి. నెల రోజులుగా పొద్దున్నే అవకాడో టోస్ట్ చేస్తున్నాను. ఉత్త అవకాడో రాసుకుని తింటే 11 గంటలకల్లా మళ్లీ ఆకలి వేస్తోందని, పైన గుడ్డు, టమాటా, కీరా, ఉల్లిపాయ కూడా వేయడం మొదలుపెట్టాను. చూడటానికి బాగానే ఉంటుంది. చేత్తో పట్టుకోగానే బ్రెడ్ మధ్యలో వంగిపోయి అంతా పళ్లెంలో పడుతోంది.

ఇంకో సమస్య అవకాడోతోనే. తొక్క నల్లబడ్డాకే కోయాలని విని ఆగాను. నేను తెచ్చిన కాయ ఎన్ని రోజులైనా ఆకుపచ్చగానే ఉంది. చివరికి కోస్తే లోపల గోధుమరంగు చారలు, ఒకరకమైన వాసన. అంతకుముందు తొందరపడి కోసినది సబ్బుముక్కలా గట్టిగా ఉంది.

ఇక పోచ్డ్ ఎగ్. నీళ్లలో గుడ్డు కొట్టి వేస్తే గిన్నె నిండా తెల్లటి పీచు తేలుతోంది తప్ప గుడ్డు ఆకారం రావడం లేదు.

తినేది నేను, మావారు, 70 దాటిన మా అత్తయ్య. పొద్దున నాకు దొరికేది 25 నిమిషాలు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు

ముందు బ్రెడ్ సంగతి చూద్దాం అండి, మిగతావన్నీ దాని మీదే కదా నిలబడాలి. పల్చటి శాండ్‌విచ్ బ్రెడ్ ఇంత బరువు మోయలేదు. కాస్త గట్టి బ్రెడ్ తీసుకుని, వేలు మందాన కోసుకోండి. సోర్‌డో (పిండిని సహజంగా పులియబెట్టి చేసే బ్రెడ్) దొరికితే మంచిది, లేకపోతే కోయకుండా అమ్మే ఏ బ్రెడ్ అయినా సరే. టోస్టర్ అయినా పెనం అయినా, లేత రంగు రాగానే తీసేయకండి. రెండు వైపులా ముదురు బంగారు రంగు వచ్చి, గోటితో తడితే టకటకమనాలి.

తీశాక చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. వేడి బ్రెడ్‌ని నేరుగా పళ్లెంలో పెడతారు. దానిలోంచి వచ్చే ఆవిరి పోయే దారి లేక అడుగున నీరై, అదే బ్రెడ్‌కి పడుతుంది. అంటే అవకాడో రాయకముందే కింద సగం మెత్తబడిపోయింది. రెండు ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి గుడారంలా ఒక నిమిషం నిలబెట్టండి, చాలు. తర్వాత పైన పల్చగా వెన్న గానీ ఆలివ్ నూనె గానీ రాయండి. కొవ్వు పొర ఉంటే నీరు త్వరగా లోపలికి దిగదు. అవకాడోని కూడా మధ్యలో కుప్పగా పెట్టకుండా అంచుల దాకా పరచండి.

ఇక అసలు నీరంతా ఎక్కడి నుంచి వస్తోందంటే టమాటా, కీరా నుంచి. టమాటా సగానికి కోసి, గింజలూ వాటి చుట్టూ ఉండే జిగురూ స్పూన్‌తో తీసేయండి. కండ మాత్రం సన్నగా కోసి, చిటికెడు ఉప్పు చల్లి 10 నిమిషాలు జల్లెడలో ఉంచండి. కిందికి ఎంత నీరు కారుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు. ఆ నీరంతా ఇన్నాళ్లూ మీ బ్రెడ్‌లోకి వెళ్లిందే! కీరాకి కూడా ఇంతే, చివర్లో టిష్యూతో అద్దాలి. ఉల్లిపాయని పల్చటి చక్రాలుగా కోసి 10 నిమిషాలు చల్లటి నీళ్లలో వేస్తే ఘాటు తగ్గుతుంది, అదీ ఆరబెట్టాకే వేయాలి. ముల్లంగి, క్యాప్సికం, క్యారట్ తురుముతో ఈ బాధ అంతగా లేదు. పాలకూర వేస్తే పెనం మీద మగ్గించి గట్టిగా పిండండి. పుట్టగొడుగులైతే ముందు నూనె లేకుండా వేయించి, వాటి నీరు ఇగిరాక నూనె వేయండి.

కూరగాయలకి ముందే ఉప్పు పడింది కాబట్టి అవకాడోలో తక్కువ వేయండి. టోస్ట్ మీద అమర్చాక మాత్రం టమాటా మీద మళ్లీ ఉప్పు చల్లకండి, మిగిలిన నీరు కూడా బయటికి వస్తుంది.

ఇంకో జవాబు

అవకాడో గురించి నేను చెబుతాను అమ్మా. తొక్క నల్లబడటం అన్నది హాస్ రకానికి వర్తించే గుర్తు. కాలిఫోర్నియాలో ఇంటింటికీ ఉత్తరాలు పంచిన రుడాల్ఫ్ హాస్ 1935లో పేటెంట్ తీసుకున్న రకం అది. ఇప్పుడు ప్రపంచమంతా ఎక్కువగా అమ్ముడయ్యేది అదే కావడంతో, ఆ గుర్తునే అన్నిటికీ చెప్పేస్తుంటారు. నున్నటి తొక్క ఉండే చాలా రకాలు పండినా ఆకుపచ్చగానే ఉంటాయి. నువ్వు తెచ్చింది అలాంటిదే అయ్యుంటుంది. రంగు చూసి ఆగితే లోపల కుళ్లిపోయేదాకా ఆగినట్టే.

రంగు వదిలేసి చెయ్యి నమ్ముకో. కాయని అరచేతిలో పెట్టుకుని మొత్తం చేత్తో మెల్లగా అదుము. వేళ్ల కొసలతో నొక్కితే అక్కడ కమిలిపోతుంది. కొద్దిగా లొంగితే పండినట్టు. గుంట పడి అలాగే ఉండిపోతే మించిపోయినట్టు.

అవకాడో చెట్టు మీద పండదు, కోశాకే పండుతుంది. కాబట్టి గట్టి కాయ తెచ్చుకోవడం తప్పేమీ కాదు. కాగితం సంచిలో ఒక అరటిపండుతో కలిపి బయటే ఉంచు. అరటిపండు వదిలే ఎథిలీన్ వాయువు దీన్ని కూడా త్వరగా పండిస్తుంది, మామూలుగా 2, 3 రోజులు పడుతుంది. పండగానే ఫ్రిజ్‌లో పెడితే ఇంకో రెండు మూడు రోజులు ఆగుతుంది. గట్టి కాయని ఫ్రిజ్‌లో పెడితే మాత్రం పండటమే మందగిస్తుంది. మైక్రోవేవ్‌లో పెట్టి మెత్తబరచమని కొందరంటారు. మెత్తబడుతుంది గానీ పండదు, పచ్చివాసన పోదు. ఆ పని చెయ్యకు.

కోసే ముందు తొక్క కడుగు. తొక్క తినం కదా అనుకుంటాం, కానీ దాని మీదున్న మురికీ క్రిములూ కత్తితో పాటు లోపలికి వెళతాయి. గింజ తీసేటప్పుడు కాయని అరచేతిలో పెట్టుకుని కత్తితో కొట్టే పద్ధతి వీడియోల్లో చూసి ఉంటావు. దయచేసి వద్దు. కత్తి జారి చేతికి లోతుగా దిగిన సంగతులు చాలా ఉన్నాయి. చెక్క మీద పెట్టి స్పూన్‌తో తవ్వితే గింజ సులువుగా వచ్చేస్తుంది. మరీ మెత్తగా రుబ్బకుండా ఫోర్క్‌తో కచ్చాపచ్చాగా మెదిపి నిమ్మరసం, ఉప్పు, మిరియాల పొడి కలుపు. ఒక స్లైస్‌కి సగం కాయ చాలు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. తడి అంతా టమాటాదే అనుకున్నాను, పళ్లెం సంగతి నాకు తట్టనే లేదు. గుడ్డు గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? అత్తయ్యగారికి పచ్చసొన కారుతూ ఉంటే ఇష్టం.

జవాబు

అక్కా, పెద్దావిడకి కారే పచ్చసొన పెట్టకండి. పచ్చిగా ఉన్న గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది. పెద్ద వయసువారికి, గర్భిణులకు, చిన్నపిల్లలకు అది సోకితే జబ్బు తీవ్రమవుతుంది. ఆవిడకి ఇష్టమని తెలిసి కూడా చెబుతున్నాను. పచ్చసొన పూర్తిగా గట్టిపడాలి. కావాలంటే ఉడికిన గుడ్డుని అవకాడోలోనే మెదిపి ఇవ్వండి, మెత్తగా, నమలడానికి తేలికగా ఉంటుంది. మా అమ్మకి నేను అలాగే చేస్తాను, ఇప్పుడు ఆవిడే అడిగి చేయించుకుంటుంది.

మీకున్న 25 నిమిషాల్లో పోచ్డ్ ఎగ్ కంటే ఉడికించిన గుడ్డే నయం అని నా అభిప్రాయం. నీళ్లు బాగా మరిగాక గుడ్లు స్పూన్‌తో మెల్లగా దించి టైమర్ పెట్టండి. 7 నిమిషాలకి తీస్తే తెల్లసొన గట్టిపడి పచ్చసొన జామ్‌లా ఉంటుంది, 10 నిమిషాలకైతే గట్టిపడుతుంది. ఒకే గిన్నెలో మూడూ వేసి, మీ రెండు గుడ్లు ముందు తీసి, అత్తయ్యగారిది చివర్లో తీయండి. వెంటనే చల్లటి నీళ్లలో వేయాలి. లేకపోతే లోపలి వేడికి ఇంకా ఉడుకుతూనే ఉంటాయి. మరీ తాజా గుడ్లకి తొక్క సరిగా రాదు, వారం నాటివైతే సులువు.

పోచ్డ్ ఎగ్ విషయంలో దీనికి సరిగ్గా తిరగబడుతుంది, గుడ్డు ఎంత తాజాగా ఉంటే అంత మంచిది. గుడ్డు పాతబడేకొద్దీ తెల్లసొనలో కొంత భాగం నీళ్లలా పల్చబడుతుంది. మీ గిన్నెలో పీచులా తేలేది అదే. గుడ్డుని సన్న జల్లెడలో కొట్టి ఒకసారి కదిపితే ఆ పల్చటిది కిందికి జారిపోతుంది, గట్టిగా ఉన్నది పైన మిగులుతుంది. దాన్ని చిన్న కప్పులోకి తీసుకుని నీళ్లకి దగ్గరగా వంచి వదలండి. నీళ్లు తెర్లుతూ ఉండకూడదు, అడుగు నుంచి చిన్న బుడగలు వస్తుంటే చాలు. కొంచెం వెనిగర్ వేస్తే తెల్లసొన త్వరగా గడ్డకడుతుంది. 3, 4 నిమిషాలకి చిల్లుల గరిటెతో తీసి టిష్యూ మీద పెట్టి ఆరనివ్వండి. ఇది మరిచిపోతే టమాటా దగ్గర పడ్డ కష్టమంతా వృథా!

బ్రెడ్ మాత్రం చివర్లో కాల్చండి. గుడ్లు ఉడుకుతుండగా కూరగాయలకి ఉప్పు పట్టించి, అవకాడో మెదిపి, అంతా సిద్ధమయ్యాకే టోస్టర్ నొక్కండి. ముందు అవకాడో, దానిలోకి కొద్దిగా అదిమి కూరగాయలు, పైన గుడ్డు. కింద జిగురుగా ఉంటే కొరికినప్పుడు ఏదీ జారదు.

ప్రశ్న అడిగినవారు

ఈ రోజు చేశాను! చేత్తో పట్టుకుని చివరి ముక్క దాకా తిన్నాం, బ్రెడ్ వంగలేదు. మావారు ముల్లంగి ఇంకా వేయమన్నారు. అత్తయ్యగారు ముందు కొంచెం ముఖం చిన్నబుచ్చుకున్నా, మెదిపిన గుడ్డులో మిరియాలు ఎక్కువ వేసి ఇస్తే మొత్తం తిన్నారు. ఒక్క సందేహం మిగిలింది. ముగ్గురికి ఒకటిన్నర కాయ పట్టింది. మిగిలిన సగం రేపటికి నల్లబడకుండా ఎలా ఉంచాలి? నీళ్లలో ముంచి పెట్టమని ఒకరు చెప్పారు.

ఇంకో జవాబు

నీళ్లలో వద్దమ్మా. రంగు నిలుస్తుంది గానీ, తొక్క మీద లిస్టీరియా, సాల్మొనెల్లా లాంటి హానికర క్రిములు ఉంటే ఆ నీళ్లలో పెరుగుతాయి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కూడా 2022లో ఇలా దాచవద్దని చెప్పింది. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు కాబట్టి ఇంకా జాగ్రత్త.

కోసిన ముఖానికి గాలి తగిలితే లోపలి ఎంజైమ్ పనిచేసి రంగు మారుతుంది. కాబట్టి నిమ్మరసం రాసి, మధ్యలో గాలి లేకుండా ప్లాస్టిక్ పొరని ఆ ముఖానికే అతుక్కునేలా అదిమి, ఫ్రిజ్‌లో పెట్టు. గింజ ఉంచితే నల్లబడదంటారు గానీ, గింజ కప్పినంత మేరకే కాపాడుతుంది. రేపు పైన పల్చగా గోధుమరంగు వచ్చినా కంగారు పడకు, ఆ పొర గీకేస్తే కింద ఆకుపచ్చగానే ఉంటుంది.