స్పిన్‌లాక్ ఉన్నచోట యూజర్ డేటాను డ్రైవర్‌లోకి కాపీ చేయడం ఎలా?

లినక్స్‌లో నేను రాస్తున్న క్యారెక్టర్ డ్రైవర్‌లో, రైట్ ఫంక్షన్ కాపీ_ఫ్రమ్_యూజర్ (ప్రోగ్రామ్ మెమరీ నుంచి కెర్నల్‌లోకి డేటా తెచ్చే ఫంక్షన్) ద్వారా రింగ్ బఫర్‌ను (చివరికి చేరాక మళ్లీ మొదటి నుంచి వాడే బఫర్‌ను) నింపుతుంది; అదే బఫర్‌ను ఇంటరప్ట్ హ్యాండ్లర్ (పరికరం సంకేతం ఇచ్చినప్పుడు నడిచే కోడ్) ఖాళీ చేస్తుంది కనుక దానికి స్పిన్‌లాక్ (దొరికేవరకు నిద్రపోకుండా తిరుగుతూ వేచి ఉండే లాక్) పెట్టాను. యూజర్ పేజీ మెమరీలో లేకపోతే ఈ కాపీ నిద్రలోకి వెళ్లవచ్చు కాబట్టి, లాక్ పట్టుకుని దాన్ని పిలవకూడదని కెర్నల్ హెచ్చరిస్తోంది. ఆ హెచ్చరిక సబబైనదే. ముందు తాత్కాలిక బఫర్‌లోకి కాపీ చేసి, తర్వాత లాక్ తీసుకోవడం సురక్షితమే గానీ, ప్రతి బైటూ రెండుసార్లు కదలడం నాకు నచ్చడం లేదు. రాసేవారు ఒకరు, చదివేవారు ఒకరు మాత్రమే ఉంటే కేఫిఫోకు (కెర్నల్‌లో సిద్ధంగా ఉన్న రింగ్ బఫర్‌కు) లాక్ అక్కర్లేదు కనుక, రైట్ పిలుపులను మ్యూటెక్స్‌తో (వేచి ఉండేటప్పుడు నిద్రపోగల లాక్‌తో) వరుసలో పెట్టి యూజర్ డేటాను నేరుగా కేఫిఫోలోకి కాపీ చేసే కేఫిఫో_ఫ్రమ్_యూజర్ వాడితే సరిపోతుందా? కాపీ మధ్యలో ఆగితే, చేరిన బైట్ల సంఖ్యను ప్రోగ్రామ్‌కు తెలపాలా, లేక అంతా వదిలేసి ఈఫాల్ట్ (చెల్లని మెమరీ చిరునామా అని తెలిపే ఎర్రర్ కోడ్) పంపాలా? అనుభవజ్ఞులు దయచేసి కారణాలతో సహా వివరించగలరు.